పసుపు గుర్తు వెనక ఏ పార్టు ఉందో పట్టుకోవడం ఎలా?

నమస్కారమండి. విండోస్ కొత్తగా వేయించిన ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. ఆన్ అవుతోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. కానీ వైఫై గుర్తే లేదు, సౌండ్ రావట్లేదు, స్క్రీన్ మీద అక్షరాలు ఉబ్బినట్టు పెద్దగా ఉన్నాయి. లోపలి పార్టుల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే నాలుగైదు పసుపు త్రికోణాలు, వాటి పక్కన ‘అన్‌నోన్ డివైస్’ అని. ఇలాంటప్పుడు చాలామంది ‘డ్రైవర్ అప్‌డేటర్’ అని వెతికి, మొదట కనపడిన సాఫ్ట్‌వేర్‌ని దించి నడిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోపలున్న పార్టు తానెవరో విండోస్‌కి ఇప్పటికే చెప్పేసింది. దానికి సరిపడే డ్రైవర్, అంటే ఆ పార్టుని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్, విండోస్ దగ్గర లేదు, అంతే. ఆ పేరు చదవడం మనకొస్తే ఊహించాల్సిన పనే ఉండదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తున్న దాని మీద రెండుసార్లు నొక్కండి. మొదటి ట్యాబ్‌లో ఒక కోడ్ నంబర్ ఉంటుంది. అది తప్పకుండా చూడండి. 28 అని ఉంటే డ్రైవర్ పడలేదని అర్థం, మన పని సులువు. 10 గానీ 43 గానీ ఉంటే కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాం. ఇప్పుడు పైన ‘డీటెయిల్స్’ ట్యాబ్‌కి వెళ్లి, ప్రాపర్టీ అన్న చోట ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. కింద నాలుగైదు వరసలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన ఉన్న పొడుగు వరస మనకి కావాలి.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నదాన్నే చదువుదాం. పీసీఐ, వెన్ 8086, డెవ్ 9డీ3ఏ, సబ్‌సిస్ అని ఎనిమిది అంకెలు, ఆఖర్న చిప్ వెర్షన్ చెప్పే రెవ్. పీసీఐ అంటే పార్టు బోర్డుకి కలిసే దారి, వెన్ అంటే చిప్ తయారుచేసిన కంపెనీ, డెవ్ అంటే ఆ కంపెనీలో ఏ చిప్ అన్నది. 8086 ఇంటెల్‌ది. 1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ పేరే ఇక్కడ కంపెనీ నంబర్‌గా స్థిరపడింది, కాబట్టి మర్చిపోరు. 10ఈసీ రియల్‌టెక్. 10డీఈ ఎన్‌విడియా. 1002 ఒకప్పటి ఏటీఐ నంబరు, ఇప్పుడు ఏఎండీ రేడియాన్ గ్రాఫిక్స్ అన్నీ దాని కిందే వస్తాయి. ఏఎండీ చిప్‌సెట్లకి, అంటే బోర్డు మీది పార్టుల్ని ప్రాసెసర్‌తో కలిపే చిప్‌లకి, మాత్రం 1022. వైఫై కార్డుల్లో 168సీ అంటే ఎథరోస్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 14సీ3 అంటే మీడియాటెక్. యూఎస్‌బీ పరికరాలకి వెన్, డెవ్ బదులు వీఐడీ, పీఐడీ అని ఉంటుంది, పద్ధతి ఒకటే.

ఒక జాగ్రత్త. ఈ నంబర్లలో 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే వస్తాయి. గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నానే, ఓ అక్షరం కాదు. అక్షరం బీని, అంకె 8ని కలిపేసుకుంటే వేరే చిప్ దొరుకుతుంది. చేత్తో టైపు చేయకండి, వరస మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టండి.

ఇక సబ్‌సిస్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ల్యాప్‌టాప్‌లో నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. పీసీఐ వరసలో ఎనిమిదింటిలో చివరి నాలుగు, హెచ్‌డీ ఆడియో అని మొదలయ్యే సౌండ్ వరసలో మొదటి నాలుగు, ఆ చిప్‌ని తన మెషీన్‌లో పెట్టుకున్న కంపెనీ నంబరు. 17ఏఏ లెనోవో, 1028 డెల్, 103సీ హెచ్‌పీ, 1043 ఏసుస్, 1025 ఏసర్. ఎందుకంటారా? రియల్‌టెక్ సౌండ్ చిప్ ఒకటే అయినా, దాని కాళ్లలో ఏది స్పీకర్‌కి పోవాలి, ఏది మైక్‌కి పోవాలి అన్నది ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయిస్తుంది. ఏదో ఒక రియల్‌టెక్ డ్రైవర్ వేస్తే స్పీకర్ మోగుతుంది, హెడ్‌ఫోన్ జాక్ మాత్రం పలకదు. లేదా ఆన్‌లైన్ క్లాసులో మన మాట అవతలికి వినపడదు. కాబట్టి సౌండ్, టచ్‌ప్యాడ్, ఫింగర్‌ప్రింట్, కీబోర్డు మీది హాట్‌కీలు, ఈ నాలుగింటికీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌కే వెళ్లండి. గ్రాఫిక్స్‌కి, ఇంటెల్ వైఫైకి చిప్ కంపెనీ సైట్‌కి నేరుగా వెళ్లినా మామూలుగా ఇబ్బంది ఉండదు.

కొన్నిటికి విండోస్ పెట్టే పేర్లు చూసి జనం తికమకపడతారు. ‘పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ అనగానే మోడెమ్ అనుకుని వెతుకుతారు. ఇంటెల్ మెషీన్లలో అది మేనేజ్‌మెంట్ ఇంజిన్, అంటే చిప్‌సెట్ లోపల విడిగా నడిచే చిన్న కంట్రోలర్. ఇందాక మనం చదివిన 9డీ3ఏ అదే, ఆరో తరం, ఏడో తరం కోర్ ల్యాప్‌టాప్‌లలో వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నవాటిలో ఆ తరంవి చాలానే. ‘ఎస్ఎమ్ బస్ కంట్రోలర్’కి చిప్‌సెట్ డ్రైవర్ కావాలి. ‘పీసీఐ సీరియల్ పోర్ట్’ అని ఇంటెల్ నంబరుతో కనిపిస్తే అది ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో దూరం నుంచి మెషీన్‌ని చూసుకునే ఏర్పాటు తాలూకు పోర్టు, మేనేజ్‌మెంట్ ఇంజిన్ ప్యాకేజీతోనే పోతుంది. ‘బేస్ సిస్టమ్ డివైస్’ అంటే చాలావరకు మెమరీ కార్డ్ రీడర్. ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అంటే వైఫై, ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అంటే కేబుల్ గుచ్చేది. ‘ఏసీపీఐ ఎంఎస్ఎఫ్‌టీ0101’ అని చూస్తే భయపడకండి, అది టీపీఎమ్ 2.0 సెక్యూరిటీ చిప్. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’కి పసుపు గుర్తే ఉండదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అది చెబుతున్న మాట. అక్షరాలు ఉబ్బి, వీడియో నత్తలా నడిచేది అందుకే.

సరే, నంబరు తెలిసింది. డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ముందుగా ఇంటర్నెట్ రావాలి కదా. వైఫై లేదని పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్కింటికి పరిగెత్తక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. దానికి కావలసిన డ్రైవర్ విండోస్ 10, 11లో ముందే ఉంటుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లుంటాయి, డేటా కేబుల్ అయ్యుండాలి. నెట్ రాగానే విండోస్ అప్‌డేట్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందులో ‘ఆప్షనల్ అప్‌డేట్స్’, దాని కింద డ్రైవర్ల జాబితా చూడండి. సగం పసుపు గుర్తులు అక్కడే పోతాయి.

మిగిలినవాటికి ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు చూడండి. డెల్ అయితే ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్. అది కంపెనీ సపోర్ట్ పేజీలో కొడితే ఆ మెషీన్ తాలూకు డ్రైవర్లే వస్తాయి. ముందు చిప్‌సెట్, తర్వాత మేనేజ్‌మెంట్ ఇంజిన్, ఆ తర్వాత గ్రాఫిక్స్, సౌండ్, వైఫై. చిప్‌సెట్ పడి రీస్టార్ట్ అయ్యాక కొన్ని పసుపు గుర్తులు వాటంతటవే పోతాయి, అందుకే ఆ వరస. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక పాత మెషీన్లలో 11 వేసుకున్నవాళ్లు చాలామంది. కంపెనీ పేజీలో 11కి డ్రైవర్ లేదని నిరాశపడకండి. 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ ఎక్కువసార్లు 11లో కూడా నడుస్తుంది.

అక్కడా దొరక్కపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ అనే సైట్ ఉంది. హార్డ్‌వేర్ ఐడీలో వెన్ నుంచి డెవ్ అంకెల దాకా ఉన్న ముక్కని, మధ్యలోని అండ్ గుర్తుతో సహా, అక్కడి సెర్చ్ పెట్టెలో అతికించండి. వచ్చేది క్యాబ్ ఫైలు, అంటే ఫైళ్ల మూట, దాని మీద రెండుసార్లు నొక్కితే ఇన్‌స్టాల్ కాదు. సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫోల్డర్‌లోకి విప్పండి. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, ‘బ్రౌజ్ మై కంప్యూటర్’, ఆ ఫోల్డర్ చూపించండి.

ఇక్కడ ఒక మంచి పరీక్ష చెబుతా. విప్పిన ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్ అని ఒక ఫైలుంటుంది. అది మామూలు టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కంట్రోల్ ఎఫ్ నొక్కి మీ డెవ్ నంబరు వెతకండి. ఉంటే ఆ డ్రైవర్ మీ చిప్‌కి రాసినదే. లేకపోతే ఎన్నిసార్లు నెక్స్ట్ నొక్కినా పడదు. పడనిది బలవంతంగా ‘హ్యావ్ డిస్క్’ దారిలో ఎక్కించకండి. వైఫై అయితే పనిచేయక ఊరుకుంటుంది, స్టోరేజ్ డ్రైవర్ అయితే నీలం స్క్రీన్‌తో విండోసే లేవదు. ఏది వేసే ముందైనా ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి, తేడా వస్తే విండోస్‌ని పాత స్థితికి తిప్పుకోవచ్చు.

ఇప్పుడు ఇందాక ఆపిన కోడ్‌లలో 43 సంగతి, 10 గురించి కాటా కేబుల్ దగ్గర చెబుతా. యూఎస్‌బీ పరికరం గుచ్చగానే ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని వచ్చి, ఐడీలో వీఐడీ 0000, పీఐడీ 0002 అని ఉందనుకోండి. అది ఏ కంపెనీ నంబరూ కాదు. పరికరాన్ని పేరడిగితే జవాబు రాలేదు, విండోస్ సున్నాలు రాసుకుంది. దీనికి ప్రపంచంలో ఎక్కడా డ్రైవర్ ఉండదు. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా పోర్టులో గుచ్చండి, ఇంకో కంప్యూటర్‌లో చూడండి. అక్కడా అంతే అయితే ఆ వస్తువే పోయింది.

దీనికంటే ఒక మెట్టు కింద ఇంకోటుంది. వైఫై కార్డు పసుపు గుర్తుతో కూడా కనపడదు, జాబితాలోనే ఉండదు. మన విశాఖలో ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఉప్పుగాలి, తేమ కలిసి లోపలి కనెక్టర్ల మీద మకిలి పట్టిస్తాయి. ముందు బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, వైర్‌లెస్ ఆపి ఉందేమో చూడండి. కాదంటే పవర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, కార్డు ఊడదీసి, దాని బంగారు రంగు అంచుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. అది పూర్తిగా ఆరాకే గుచ్చండి. కార్డు మీది సన్నటి యాంటెన్నా వైర్లు ఏది ఎక్కడుందో విప్పే ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. పాత డెస్క్‌టాప్ బోర్డులో నెట్‌వర్క్ చిప్ ఏదో కళ్లతో చూడాలనుకుంటే, చిప్ మీద పీత బొమ్మ ముద్ర ఉందంటే అది రియల్‌టెక్.

కార్డే పోయిందా, డ్రైవర్ తేడానా అని తేల్చుకోవాలంటే విండోస్ లాంటి ఇంకో సిస్టమ్ అయిన ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అందులో వైఫై వచ్చిందంటే కార్డు బాగానే ఉంది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, స్పేస్, హైఫన్, ఎన్ఎన్ కొడితే నంబర్లతో పాటు చిప్ పేరు కూడా రాసి చూపిస్తుంది.

పూర్ణా మార్కెట్ లాంటి చోట కొట్లలో ఎలక్ట్రానిక్ కాటాని బిల్లింగ్ కంప్యూటర్‌కి కలిపే కేబుల్ గురించి కూడా చెప్పాలి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే ఆ కేబుల్ లోపల ఒక చిప్ ఉంటుంది. వీఐడీ 1ఏ86 అంటే సీహెచ్340 జాతి, 0403 అంటే ఎఫ్‌టీడీఐ, 067బీ అంటే ప్రొలిఫిక్. ప్రొలిఫిక్ వాళ్ల కొత్త డ్రైవర్లు పాత హెచ్ఎక్స్ఏ చిప్‌లని, నకిలీ చిప్‌లని ఒప్పుకోవు. కోడ్ 10 వస్తుంది, లేదా ‘2012 నుంచి ఆపేశాం, అమ్మినవాళ్లని అడగండి’ అన్న అర్థంతో ఇంగ్లిష్ వాక్యమే పరికరం పేరుగా కనిపిస్తుంది. పాత డ్రైవర్ ఎక్కించి నడిపేవాళ్లున్నారు, కానీ విండోస్ మళ్లీ కొత్తది దించుకున్న రోజు కాటా ఆగిపోతుంది. కేబుల్ మార్చడమే మేలు. డ్రైవర్ పడ్డాక విండోస్ ఆ కేబుల్‌కి ఇచ్చిన కామ్ పోర్ట్ నంబరు డివైస్ మేనేజర్‌లో చూసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అదే పెట్టండి. వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే ఆ నంబరు మారిపోవచ్చు, పోర్టు మీద చిన్న స్టిక్కర్ అంటించండి.

విండోస్ వేసేటప్పుడు డిస్కే కనపడకపోవడం 11వ తరం ఇంటెల్ నుంచి ఎక్కువగా కనిపించే సమస్య. ఎస్ఎస్‌డీ పోయిందని కంగారుపడి కొత్తది కొనకండి. డిస్కు ముందు వీఎండీ అనే కంట్రోలర్ నిలబడి ఉంటుంది, దాని డ్రైవర్ చాలా ఇన్‌స్టాలర్లలో ఉండదు. ల్యాప్‌టాప్ కంపెనీ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పిన ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్కు వచ్చేస్తుంది. బయోస్‌లో వీఎండీ ఆపినా డిస్కు కనిపిస్తుంది, కానీ లోపల పాత విండోస్ ఉంచుకోవాలంటే అది ఆ తర్వాత బూట్ కాకపోవచ్చు.

ఫార్మాట్ కొట్టించబోతున్నవాళ్లకి, ఇంకా కొట్టించకపోతే, ఒక్క కమాండ్. ముందు డీ డ్రైవ్‌లో డ్రైవర్స్ అని ఫోల్డర్ పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, స్క్రీన్ మీద కనిపిస్తున్నట్టు కొట్టండి: డిస్మ్, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, స్పేస్, స్లాష్ డెస్టినేషన్, కోలన్, డీ, కోలన్, బ్యాక్‌స్లాష్ డ్రైవర్స్. ఇప్పుడు పనిచేస్తున్న బయటి డ్రైవర్లన్నీ అందులోకి కాపీ అవుతాయి. ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి, షాపులో డిస్కు మొత్తం తుడిచేసినా మీ దగ్గర ఉంటుంది. విండోస్ వేశాక అప్‌డేట్ డ్రైవర్‌లో ఆ ఫోల్డర్ చూపించి, ‘సబ్‌ఫోల్డర్లు కూడా’ అన్న టిక్ ఉంచండి.

ఇన్ని చేసినా ఒక పసుపు గుర్తు మిగిలిపోతే కామెంట్‌లో ఐడీ పెట్టండి. పైవరస మొత్తం, సబ్‌సిస్‌తో సహా, కోడ్ నంబరు, విండోస్ వెర్షన్, ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఉండాలి. సీరియల్ నంబరు, సర్వీస్ ట్యాగ్ మాత్రం కామెంట్‌లో రాయకండి, అవి మీ మెషీన్‌కి గుర్తింపు కార్డులు.