కాలవకు నీళ్లొచ్చాయి, కయ్య సంగతేంది?

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో పొదలకూరు వైపు నుంచి ఒక రైతు, శబ్దంతో గుండెను చూసే మా ఎకో గదికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతిలో బట్టలకొట్టు కవరు, దాన్నిండా సీడీ, ఫైలు, మందుల చీటీలు. గుండెపోటొస్తే నెల్లూరులోనే ఆంజియోప్లాస్టీ చేశారు, అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి స్టంట్ అనే సన్నటి జాలీ గొట్టం పెట్టారు. అప్పటికి మూడో రోజు. బల్ల ఎక్కకుండానే అడిగాడు: "స్టంట్ ఏసేసినారు గదా సార్, దారి బాగైపోయిందన్నారు గదా. మళ్ళా ఈ స్కానింగు దేనికి?"

న్యాయమైన ప్రశ్నే. ఇలా అడగాలనుకుని మొహమాటపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

"పెద్దాయనా, నిమ్మతోట కాక వరి కూడా ఉందా?" అన్నాను.

"ఉండాది, నాలుగెకరాలు."

"కాలవ పూడిపోయి, నీళ్లందక కయ్య ఎండిందనుకోండి. పూడిక తీసి సోమశిల నీళ్లు వదిలారు. ఇక పంట చేతికొచ్చినట్టేనా?"

ఆయన నవ్వాడు. "అదెట్టా? గట్టు మీదకు పోయి చూడాల. కొంత తేరుకుంటాది, కొంత ఎండుగడ్డే."

ఎకో అంటే ఆ గట్టు మీద నిలబడి చూడటమే. ఆంజియోగ్రామ్‌లో మందు ఎక్కించి, ఎక్స్‌రేలో చూసేది కాలవను, అంటే గుండె రక్తనాళాన్ని. స్టంట్ వేసేది కాలవలో. ఆ కాలవ మూసుకుపోయినంతసేపూ రక్తం అందక మాడిన కండ ఏమైందన్నది వేరే లెక్క. ఆ లెక్క ఎకోలో తేలుతుంది.

పరీక్ష చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. చీకటి గది. చొక్కా విప్పి ఎడమ పక్కకు ఒత్తిగిలి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకోవాలి. అలా తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది, ఊపిరితిత్తి కాస్త పక్కకు జరుగుతుంది. ఛాతీ మీద చల్లటి జెల్ రాస్తారు. శబ్ద తరంగాలకు గాలి అడ్డం, చర్మానికీ యంత్రానికీ మధ్య గాలి లేకుండా చేయడమే ఆ జెల్ పని. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఈ యంత్రం పంపేవి ఇరవై, నలభై లక్షల కంపనాలు. లోపలికి పోయి తగిలి తిరిగొచ్చిన శబ్దమే తెర మీద విసనకర్ర ఆకారంలో బొమ్మ కడుతుంది. ఇందులో ఎక్స్‌రే లేదు, సూది లేదు.

ఈ యంత్రం పుట్టుక వైద్యుల ఇంట్లో జరగలేదు. ఓడల తయారీలో ఇనుము లోపల పగుళ్లున్నాయేమో చూడటానికి శబ్దాన్ని వాడేవారు. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెల్ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి 1953లో అలాంటి యంత్రాన్ని మనిషి ఛాతీ మీద పెట్టి చూశారు. గుండె కదలిక గీతలుగా పడింది. 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ మొదటిసారి బెలూన్‌తో గుండె రక్తనాళాన్ని తెరిచాడు. అంటే కాలవ బాగుచేయడం రాకముందే కయ్య చూడటం వచ్చిందన్నమాట.

తెర మీద నేను చూసేది ముఖ్యంగా ఎడమ కింది గది గోడను. ఒళ్లంతటికీ రక్తం పంపేది అదే. ఆ గోడను 17 భాగాలుగా లెక్కేస్తాం, 17 కయ్యలనుకోండి. ఒక్కో భాగం సరిగా ముడుచుకుంటోందా, నీరసంగా ఉందా, అసలు కదలడం లేదా, లేక ముడుచుకోవాల్సిన సమయంలో బయటికి ఉబ్బుతోందా అని చూస్తాం. కదలడమొక్కటే చాలదు. పక్క కండ లాగితే చచ్చిన కండ కూడా కదిలినట్టే కనిపిస్తుంది. బతికున్న కండ ముడుచుకున్నప్పుడు మందమవుతుంది. నా కన్ను వెతికేది ఆ మందం కోసం.

ఇక్కడొక చిక్కుంది. గుండెపోటు తర్వాత మొదటి రోజుల్లో కదలని కండ అంతా చచ్చిపోయిందని అనలేం. కొంత కండ ప్రాణంతో ఉండి కూడా సొమ్మసిల్లి పడి ఉంటుంది. రక్తం తిరిగి అందాక రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది అది లేవడానికి. సొమ్మసిల్లిన కండా, చచ్చిన కండా మూడో రోజు ఎకోలో చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. అందుకే మొదటి రిపోర్టును తీర్పులా చదవకూడదు.

చదివితే ఏమవుతుందో ఆ పెద్దాయన విషయంలో నా వల్లే జరిగింది. ఆ రోజు ఆయన పంపింగ్ 38 శాతం వచ్చింది. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. "పంపింగ్ 38 ఉంది, మందులు మానొద్దు" అని వాళ్లబ్బాయికి చెప్పి పంపేశాను. ఆ కుర్రాడు ఇంటికెళ్లి ఏం చెప్పాడో తర్వాత తెలిసింది: "మా నాయన గుండె నూటికి ముప్పై ఎనిమిదే పనిచేస్తా ఉంది, మిగతాది పోయింది." దాంతో ఆయన్ను మంచం దిగనివ్వలేదు. స్నానానికి కూడా ఇద్దరు పట్టుకునేవారట.

పంపింగ్ అంటే బడిలో మార్కులు కాదు, 100కి 100 రావడానికి. ఎడమ గది నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం పట్టిందనుకోండి. ఒక దెబ్బకు 70 మిల్లీలీటర్లు బయటికి కొడితే అది 58 శాతం. పూర్తి ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడి గుండె కూడా ప్రతిసారీ కొంత రక్తాన్ని గదిలో మిగుల్చుకుంటుంది. మామూలు మనుషుల్లో ఈ అంకె సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది. కాబట్టి 38 తక్కువే, జాగ్రత్త పడాల్సిందే. కానీ గుండెలో 62 పాళ్లు పోయాయని దాని అర్థం కాదు. ఈ నాలుగు ముక్కలు ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

ఇంకో మాట. అదే మనిషికి రెండు చోట్ల ఎకో తీస్తే అంకె నాలుగైదు అటూ ఇటూ అవుతుంది. చూసే కన్ను మారుతుంది, కోణం మారుతుంది. 45 కాస్తా 42 అయిందని దిగులుపడి ఆస్పత్రులు మార్చేవాళ్లను చూస్తుంటాను, అంత అవసరం లేదు. వీలైతే ఒకేచోట చేయించుకోండి. పాత రిపోర్టు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.

పంపింగ్ 40, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు 6 నుంచి 12 వారాలలో మళ్లీ ఎకో తీయాలి. మందులు సరిగా వాడాక కూడా అది 35 దాటకపోతే, ప్రమాదకరంగా లయ తప్పినప్పుడు షాకిచ్చి గుండెను నిలబెట్టే పరికరం అమర్చాలా అని ఆలోచిస్తారు. ఆ నిర్ణయం గుండెపోటొచ్చిన మొదటి వారంలో తీసుకునేది కాదు.

పంపింగ్ ఒక్కటే కాదు, కదలని మూలలో రక్తం గడ్డ కట్టిందేమో చూస్తాం. ఉంటే కొన్ని నెలలు రక్తం పలచబడే మందు వేరేగా వాడాలి, లేకపోతే ఆ గడ్డ మెదడుకు పోవచ్చు. కవాటం లీకవుతోందా, గుండె చుట్టూ నీరు చేరిందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

ఇక ఎకో చేయలేని పని గురించి. స్టంట్ లోపల మళ్లీ పూడుకుందా అని ఈ పరీక్ష నేరుగా చూపించదు. స్టంట్ వెడల్పు 3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మామూలు ఎకోలో దాని లోపలికి చూడలేం. కాబట్టి పోయిన వారమే ఎకో బాగుందన్నారని ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. మళ్లీ నొప్పొస్తే, చెమట పడితే, ఆయాసమొస్తే వెంటనే ఆస్పత్రికి రండి. అలాగే ఎకో బాగొచ్చిందని డాక్టరును అడక్కుండా రక్తం పలచబడే మాత్రలు ఆపొద్దు. ఆ మాత్రలు కాపాడేది కాలవను. ఏ బాధా లేకుండా నెలకోసారి ఎకో తీయమని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నేను వద్దనే చెబుతాను.

ఆ పెద్దాయన పదో వారం వచ్చాడు. ఈసారి నేను తొందరపడలేదు. తెరను ఆయన వైపు తిప్పాను. మొదటిసారి రాయిలా నిలిచిపోయిన ముందు గోడలో రెండు భాగాలు మందమవుతున్నాయి, నీరసంగానే అయినా లోపలికి వస్తున్నాయి. కొసన ఒక భాగం పలచగా, అలాగే ఉంది. అది లేవదు. పంపింగ్ 49.

ఆయన తెర మీద ఆ కొసన వేలు పెట్టి, "ఇది గడ్డి" అన్నాడు. కాస్త పైకి జరిపి, "ఇదంతా తేరుకునిండాది" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి అడిగాడు: "ఏరా అబ్బయ్యా, తోటకు నీళ్లు కట్టి ఎన్నాళ్లయింది?"