శనగ విత్తనానికి తోడు

అందరికీ నమస్కారం. పనులు వదులుకుని వచ్చారు, నేరుగా విషయానికి వస్తాను.

ఇంకో పది రోజుల్లో మన నల్లరేగడిలో శనగ పడుతుంది. నా చేతిలో ఉన్నది రైజోబియం కల్చర్, 200 గ్రాముల ప్యాకెట్. నల్లగా పొడిలా ఉంటుంది కాబట్టి చాలామంది ఎరువు కిందే లెక్కేస్తారు. దీన్ని పాలలో వేసే తోడులా చూడండి. ఇందులో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. లేత వేరులోకి దూరి, అక్కడే పెరిగి, బుడిపెలు కట్టిస్తాయి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. అందుకు మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెర పెట్టి దాన్ని పోషిస్తుంది.

సలసల కాగే పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా? ఇదీ అంతే, వేడి తగిలితే ఈ జీవులు చచ్చిపోతాయి. ఒక ఏడాది నేనే ప్యాకెట్లు బండి డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగాను. ఆ ప్యాకెట్లు వాడిన రైతు చేలో బుడిపెలు సరిగా కట్టలేదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, అయినా నాకు ఇప్పటికీ బాధే.

కొనేటప్పుడు గడువు తేదీతో పాటు పంట పేరు కూడా చూడండి. కంది, మినుము, పెసర, వేరుశనగ ఒక కుటుంబం. శనగకు కావలసిన బ్యాక్టీరియా వేరు. మినుముకని ఇచ్చిన ప్యాకెట్ శనగకు పనిచేయదు.

100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించండి. పూర్తిగా చల్లారాక 8 కిలోల విత్తనాలపై చల్లి, ఒక ప్యాకెట్ పొడి కలపండి. గింజగింజకూ నల్లటి పొర అంటాలి. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. తెగుళ్ల మందు పట్టించేవాళ్లు ముందు రోజే ఆ పని ముగించాలి. రైజోబియం ఎప్పుడూ ఆఖరునే.

ఇక యూరియా. 50 కిలోల ఒక బస్తా డీఏపీ ఎరువులోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయి. ఎకరా శనగకు అది చాలు. పైన యూరియా చల్లారంటే, నేలలో నత్రజని తేరగా దొరుకుతుంటే మొక్క బ్యాక్టీరియాను ఎందుకు పోషిస్తుంది? బుడిపెలు తగ్గిపోతాయి. డబ్బు పెట్టి మరీ చేసుకునే నష్టం ఇది.

ఏటా శనగ వేసే చేలల్లో ఈ బ్యాక్టీరియా కొంత ముందే ఉంటుంది, అక్కడ తేడా తక్కువే కనిపించవచ్చు. కొత్తగా శనగ వేసే నేలల్లో మాత్రం దీన్ని మానొద్దు. నా మాట మీద నమ్మకం లేకపోతే నాలుగు సాళ్లు కల్చర్ పట్టించకుండా విత్తి, గుర్తు పెట్టుకోండి.

నెల దాటాక మళ్లీ వస్తాను. మొక్కను పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి, పారతో మట్టిగడ్డతో సహా తీద్దాం. బుడిపెను గోటితో చీల్చి చూద్దాం. లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే అందులోనూ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. తెల్లగా ఉంటే ఎక్కడ తేడా వచ్చిందో మీ గట్టు మీదే కూర్చుని చూసుకుందాం.