మెమరీ చాలకపోతే ముందు దిగిపోయేది తెలుగే

అందరికీ నమస్కారం. ఇక్కడే, విజయనగరం గంటస్తంభం దగ్గర జిరాక్స్ దుకాణం నడిపే ఒకాయన నిరుడు నన్ను పిలిచి, బల్ల కింద దుమ్ము పట్టిన పెంటియం 4 పెట్టెను చూపించారు. మెమరీ 512 ఎంబీ. అందులోనూ బోర్డు మీది గ్రాఫిక్స్ కొంత వాటా కొట్టేస్తుంది. "దరఖాస్తులు టైపు చేసుకుంటే చాలు మాస్టారూ" అన్నారు.

32-బిట్ (పాత తరం) యంత్రం కాబట్టి, లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 అనే ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థను తీసుకున్నాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ రకం పెట్టెలకు ఇన్‌స్టాలర్, అంటే వ్యవస్థను పెట్టెలోకి ఎక్కించే ప్రోగ్రాం, లేదు. ముందుగా డెబియన్ 12 డిస్కును నా ల్యాప్‌టాప్‌లో చూపిస్తే, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలు తెలుగులో కనిపించేసరికి ఆయన మురిసిపోయారు. అదే డిస్కు ఆయన పెట్టెలో వేశాను. అంతా ఇంగ్లిషు.

"మీ దగ్గర తెలుగు మాట్లాడి, నా దగ్గరకు రాగానే దొరతనం చూపిస్తోందేమిటి?"

నవ్వాను గానీ, ఆ ప్రశ్నే నాకు పాఠమైంది. ఇన్‌స్టాలర్ మొదలవగానే మెమరీ ఎంతుందో చూసుకుంటుంది. చాలదనుకుంటే మొట్టమొదట అనువాదాలను పక్కన పడేస్తుంది. అప్పటికీ చాలకపోతే అత్యవసరమైన భాగాలనే ఎక్కించుకుంటుంది. మనకు ఇంకో చిక్కు ఉంది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా గీయాలంటే గ్రాఫిక్స్ తెర కావాలి. ఆ తెర ఉత్త అక్షరాల తెరకన్నా ఎక్కువ మెమరీ తింటుంది. అంటే ఇరుకు పెట్టెలో తెలుగుకు రెండు వైపుల నుంచీ దెబ్బ.

అసలు ఆ ఇరుకంతా మొదటి అంకంలోనే. డిస్కును భాగాలు చేసేదాకా ఇన్‌స్టాలర్ సామానంతా మెమరీలోనే మోయాలి. దించుకోవడానికి అరుగు కూడా ఉండదు. స్వాప్ భాగం, అంటే మెమరీకి తోడుగా డిస్కులో కేటాయించే చోటు, ఏర్పడగానే దాన్ని వాడుకోవడం మొదలుపెట్టి ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే తక్కువ మెమరీ యంత్రంలో ఒకటి రెండు జీబీల స్వాప్ పెట్టమంటారు. "వ్యవస్థ ఇంత మెమరీలో నడుస్తుంది" అన్న మాటను నేను నమ్మను. నడవడం వేరు, ఎక్కడం వేరు.

ఇన్‌స్టాలర్ ఎంత మెమరీలో ఎక్కుతుందో పరీక్షించడానికి పాత పెట్టెలే అక్కర్లేదు. కంప్యూటర్‌లోనే మరో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే క్యూఎమ్యూ అనే ప్రోగ్రాంలో మెమరీని 1024, 768, 512, 384 ఎంబీలుగా తగ్గించుకుంటూ, ప్రతిసారీ ఖాళీ డిస్కుతో మొదటినుంచి ఎక్కించండి. ఆగిపోతే "పనిచేయలేదు" అని రాసి లేచిపోకండి. అలాంటి నివేదిక చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగో కన్సోల్‌కు (ఇన్‌స్టాలర్ వెనకాల ఉండే మరో తెరకు) వెళ్లి లాగ్, అంటే జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా, చదవండి. మెమరీ చాలక కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయలాంటి ప్రోగ్రాం) నడుస్తున్న ఏ ప్రోగ్రాంను ఆపేసిందో అక్కడ పేరుతో సహా ఉంటుంది. రెండో కన్సోల్‌లో మిగిలిన మెమరీ చూడండి. ఆగింది డిస్కు విభజనకు ముందా, తర్వాతా? తెలుగు ఎన్ని ఎంబీల దగ్గర మాయమైంది? ఈ రెండూ తప్పక రాయండి. తర్వాత ఒక్కసారైనా నిజమైన పెట్టె మీద చూడండి. గ్రాఫిక్స్ కొట్టేసే వాటా క్యూఎమ్యూ లెక్కలో కనబడదు.

జిరాక్స్ దుకాణం పెట్టెను ఇంగ్లిషులోనే ఎక్కించి, తర్వాత తెలుగులోకి మార్చాను. బ్రౌజర్ తెరిస్తే చతికిలబడుతుంది. టైపింగ్‌కు మాత్రం ఢోకా లేదు.

ఈ బల్ల మీదున్న రెండు పెట్టెలూ మీకోసమే. ఎడమ వైపుదాని మూత తెరిచే ఉంది. ఎవరైనా వచ్చి, ప్లగ్గు పీకేసి, ఒక మెమరీ పలక తీయండి.