13,000 పదాల్లో ఒక అప్పీలు

సభకు నమస్కారం.

కేశవానంద భారతి కేసులో మన సుప్రీంకోర్టు 68 రోజులు వాదనలు విన్నది. నిలబడి నోటితో కేసు నడపడం మన న్యాయవాదులకు అంతగా అలవాటు. అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల తీరు వేరు. అక్కడ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చాలా అప్పీళ్లను మౌఖిక వాదనలు వినకుండానే తేల్చేస్తుంది. విన్న కేసుల్లోనూ ఒక్కో పక్షానికి తరచూ దక్కేది 15 నిమిషాలే. ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) కోసం అక్కడికి వెళ్లబోతున్న మీలో కొందరు ముందుగా గ్రహించవలసింది ఇదే: కేసు గెలిచినా ఓడినా చాలావరకు లిఖిత వాదనల పత్రమైన బ్రీఫ్‌లోనే.

బ్రీఫ్ కంటే ముందు అప్పీలు నోటీసు ఉంటుంది. సివిల్ కేసులో తీర్పు వెలువడిన 30 రోజుల్లోగా, అమెరికా ప్రభుత్వం కక్షిదారైతే 60 రోజుల్లోగా, క్రిమినల్ కేసులో ముద్దాయి అయితే 14 రోజుల్లోగా దాన్ని దాఖలు చేయాలి. 2007లో తేలిన బౌల్స్ వర్సెస్ రసెల్ కేసు చూడండి. గడువు దాటిన అప్పీలుకు మళ్లీ అవకాశమిచ్చేటప్పుడు చట్టం 14 రోజులే అనుమతిస్తుంటే, జిల్లా జడ్జి పొరపాటున 17 రోజుల గడువిచ్చారు. జడ్జి మాట నమ్మి ఆ గడువులోనే వేసిన అప్పీలును, 14 రోజులు దాటిపోయాయి కనుక విచారించే అధికారమే లేదని అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. నా దృష్టిలో అది కఠినమైన తీర్పు, కానీ ఆ కోర్టుల్లో పనిచేసేవారు మరువకూడని తీర్పు.

దిగువ కోర్టు రికార్డు దాఖలైన 40 రోజుల్లోగా అప్పీలుదారు బ్రీఫ్ అందాలి. దాని పరిమితి 13,000 పదాలు. ఫుట్‌నోట్లూ అందులోకే వస్తాయి. అన్నీ చెప్పుకోవాలన్న ఆరాటం ఇక్కడే దెబ్బతీస్తుంది. 1983లో జోన్స్ వర్సెస్ బార్న్స్ కేసులో, కక్షిదారు కోరిన ప్రతి అంశాన్నీ న్యాయవాది లేవనెత్తనవసరం లేదని, బలహీనమైన వాటిని వదిలి బలమైన వాటిపై నిలబడడమే నేర్పు అని సుప్రీంకోర్టు చెప్పింది. పది అంశాలు చూసిన న్యాయమూర్తికి పదింటి మీదా అనుమానమే కలుగుతుంది.

ఏ అంశాన్ని ఉంచుకోవాలో తేల్చేది సమీక్షా ప్రమాణం, అంటే దిగువ కోర్టు నిర్ణయాన్ని పై కోర్టు ఎంత లోతుగా తిరిగి చూస్తుందన్న కొలత. ప్రతి అంశానికీ అది ఏమిటో బ్రీఫ్‌లో రాసి తీరాలని నిబంధన ఉంది. పోలీసులు ఒక కారును ఆపి సోదా చేశారనుకుందాం. యజమాని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడా అన్నది వాస్తవాంశం. దిగువ కోర్టు నిర్ణయంలో స్పష్టమైన పొరపాటు కనబడితే తప్ప పై కోర్టు జోక్యం చేసుకోదు. అసలు కారును ఆపడానికి సహేతుకమైన అనుమానం ఉందా అన్న ప్రశ్నను మాత్రం, 1996 నాటి ఓర్నెలాస్ తీర్పు ప్రకారం, అప్పీలు కోర్టు మొదటి నుంచి స్వయంగా పరిశీలిస్తుంది. రికార్డు రెంటికీ ఆధారమిస్తే, నేను రెండో ప్రశ్ననే ముందు పెడతాను.

ఆ తర్వాతి పని రికార్డు. "అధికారి లైసెన్సు తిరిగి ఇవ్వలేదు" అని రాస్తే చాలదు. ఆ వాక్యం వెంటనే అనుబంధ సంపుటంలోని (రికార్డులోని ముఖ్య పత్రాల సంకలనంలోని) పేజీ సంఖ్య ఉండాలి, ఆ పేజీ తెరిస్తే అధికారి స్వయంగా చెప్పిన సాక్ష్యం కనబడాలి. న్యాయమూర్తి దగ్గర పనిచేసే లా క్లర్కు ఆ పేజీని తప్పక తెరుస్తాడు. అక్కడ మాట కొంచెం తేడాగా ఉన్నా, మిగతా బ్రీఫ్ మీద నమ్మకం సడలిపోతుంది. మనకు ఎదురొచ్చే సాక్ష్యాన్ని కూడా మనమే ముందు చెప్పి, దానికి బదులివ్వడం మేలు. దాచింది ప్రతివాది బ్రీఫ్‌లో ఎటూ బయటపడుతుంది. దానికి జవాబుగా అప్పీలుదారు వేసే ప్రత్యుత్తర బ్రీఫ్‌కు 6,500 పదాల అవకాశం ఉన్నా, అందులో కొత్త వాదన మొదలుపెడితే కోర్టు సాధారణంగా పట్టించుకోదు.

అచ్చు విషయాలు త్వరగా చెబుతాను. ప్రొపోర్షనల్ అక్షరాలైతే (ఒక్కో అక్షరం వెడల్పు వేరుగా ఉండేవి) కనీసం 14 పాయింట్ల సైజు, వరుసల మధ్య డబుల్ స్పేసు, అన్నివైపులా కనీసం ఒక అంగుళం మార్జిను, పదాల లెక్కకు ధ్రువపత్రం. కాగితం ప్రతులకు అప్పీలుదారు అట్ట నీలం, ప్రతివాదిది ఎరుపు, ప్రత్యుత్తరానిది బూడిదరంగు. వీటికి తోడు ఒక్కో ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టుకు, అంటే ఒక్కో సర్క్యూట్‌కు స్థానిక నిబంధనలుంటాయి. ఆన్‌లైన్ దాఖలుకు సాధారణ గడువు అర్ధరాత్రి వరకు కాగా, మూడో సర్క్యూట్ 2023లో దాన్ని సాయంత్రం 5 గంటలకు కుదించింది. అందుచేత రాయడం మొదలుపెట్టే రోజే ఆ సర్క్యూట్ నిబంధనలను ముందు పెట్టుకుని కూర్చోండి.