డీఆర్ సర్వర్‌కి పేరు ముందు, ఇన్‌స్టాల్ తర్వాత

(తెర మీద: వాన చప్పుడు. మానిటర్‌పై ఎర్రర్ డబ్బా.)

నమస్కారమండీ. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడి రొయ్యల ప్లాంట్లకీ, రైస్ మిల్లులకీ సర్వర్లు చూసే పని నాది. అక్టోబర్ వచ్చిందంటే ఓనర్లు అడిగే మాట ఒకటే: "మన లెక్కలు హైదరాబాద్‌లో కూడా ఉన్నాయా?" 1996 నవంబర్ 6న కోనసీమను ఊడ్చేసిన తుఫానును కళ్లారా చూసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఊరికే అడగరు.

ఇక్కడి సర్వర్ నీళ్లపాలైనా ఇంకో ఊళ్లో పని సాగేలా చేసుకునే ఏర్పాటునే డీఆర్ (డిజాస్టర్ రికవరీ) అంటాం. ఆ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర, సర్టిఫికెట్ (సర్వర్ తానెవరో చూపించే గుర్తింపు పత్రం) దగ్గర. నేనూ ఇరుక్కున్నాను. ఆ రాత్రి సంగతే చెబుతాను.

ఒక రొయ్యల ప్లాంట్. మెయిన్ సర్వర్ ప్లాంట్‌లో, రెండోది హైదరాబాద్ డేటా సెంటర్లో. రాత్రి తొమ్మిదింటికి రెండింటినీ జత చేసే బటన్ నొక్కాను. "సర్టిఫికెట్‌లోని పేరు సర్వర్ పేరుతో సరిపోలలేదు" అని ఆగిపోయింది. పింగ్ వెళ్తోంది, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉంది. పోర్టు తెరిచే ఉంది. పాస్‌వర్డ్ కరెక్టే. జత మాత్రం కావట్లేదు. వాతావరణ శాఖ అప్పటికే వాయుగుండం అని చెప్పింది, ఆ టెన్షన్ ఒకటి.

(తెర మీద: పక్కపక్కనే పాస్‌బుక్, ఆధార్ కార్డు.)

పింఛను కోసం బ్యాంకుకు వెళ్లిన పెద్దావిడను తలుచుకోండి. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంది. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి ఆవిడ వీధివాడే, ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తాడు. అయినా కంప్యూటర్ ఒప్పుకోదు. సర్వర్లూ అంతే. నువ్వెవరో నాకు తెలుసులే అని ఒక సర్వర్ ఇంకోదాన్ని లోపలికి రానివ్వదు. మనం పిలిచిన పేరూ, అది చూపించే సర్టిఫికెట్‌లో రాసి ఉన్న పేరూ ఒకటే కావాలి.

ఆ పేరు ఎక్కడ చూడాలో కూడా చెప్పాలి. సర్టిఫికెట్‌లో కామన్ నేమ్ అని ఒక గడి ఉంటుంది, చాలామంది అక్కడ రాసి సరిపెడతారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు చూసేది సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే జాబితాని. క్రోమ్ బ్రౌజర్ 2017లో 58వ వెర్షన్‌తోనే కామన్ నేమ్‌ను చూడటం మానేసింది.

మా సర్టిఫికెట్ తెరిచి ఆ జాబితా చూస్తే పేరే లేదు, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కి ఉండే అంకెల చిరునామా) ఉంది. మొదట ఇన్‌స్టాల్ చేసిన రోజు డీఎన్‌ఎస్ (పేరు అడిగితే దాని ఐపీ చెప్పే ఏర్పాటు) ఇంకా సిద్ధం కాలేదని, పేరు అడిగిన చోట ఐపీ కొట్టేశాం. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాం. వర్చువల్ సర్వర్లను నడిపించే వీఎంవేర్ వీసెంటర్‌లో అయితే ఇన్‌స్టాల్‌లో పేరు అడిగే గడిలో ఏం కొడితే అదే దాని అసలు గుర్తింపు అయిపోతుంది. 6.7 అప్‌డేట్ 3 రాక ముందు దాన్ని మార్చే దారే లేదు. ఇప్పుడు మార్చొచ్చు కానీ, దానితో ముడిపడిన డీఆర్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి.

సరే, డీఎన్‌ఎస్‌లో పేరు ఎక్కించి, కొత్త సర్టిఫికెట్ తయారు చేశాం. అప్పటికి రాత్రి 11. మళ్లీ ఎర్రర్: సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలు కాలేదట!

(తెర మీద: రెండు గడియారాలు. మధ్యలో ఐదున్నర గంటల తేడా.)

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. సర్టిఫికెట్‌లో టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన టైమ్ దానికన్నా 5:30 గంటలు ముందు. ఎవరో మెషీన్ గడియారంలో మన టైమ్ పెట్టారు, సిస్టమ్ దాన్ని యూటీసీ అనుకుంది. దాంతో మన 11 గంటలకు పుట్టిన సర్టిఫికెట్ తెల్లవారుజామున 4:30 దాకా చెల్లదు. రెండు చోట్లా ఒకే ఎన్‌టీపీ సర్వర్ (సరైన టైమ్ చెప్పే సర్వర్) నుంచి టైమ్ తీసుకునేలా చేసి, సర్టిఫికెట్ మళ్లీ తీశాక అప్పుడు జత కుదిరింది.

ఇక పేరు ఎలా పెట్టాలి? అండర్‌స్కోర్ వద్దు, హోస్ట్ పేర్లలో అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే చెల్లుతాయి. విండోస్ మెషీన్ అయితే 15 అక్షరాలు దాటనివ్వకండి. చివర డాట్ లోకల్ పెట్టుకుంటే బయటి సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు, 2015 నవంబర్ నుంచి ఆపేశారు. అప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చే సొంత సర్టిఫికెట్ అథారిటీ పెట్టుకుని, దాని రూట్ సర్టిఫికెట్‌ను (మిగతావాటిని నమ్మడానికి మూలమైనదాన్ని) రెండు చోట్లా ఎక్కించుకోవాలి.

వీటన్నిటికన్నా నేను గట్టిగా పట్టుబట్టేది ఇంకోటుంది: బిల్లింగ్ కంప్యూటర్లు వాడే పేరులో ఊరి పేరు ఉండకూడదు. భీమవరం-డీబీ అని పెడితే, ఆ డేటాబేస్ హైదరాబాద్‌లో లేచిన రోజు ఆ పేరు అబద్ధమవుతుంది. పనిని బట్టి, లెక్కలు అని ఒక మారుపేరు డీఎన్‌ఎస్‌లో పెట్టండి. కౌంటర్లన్నీ ఆ పేరుకే కనెక్ట్ కావాలి. వరద రోజు మనం మార్చేది ఆ రికార్డు ఒక్కటే. దాని టీటీఎల్ (పాత జవాబును కంప్యూటర్లు గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లు ఉంచితే, కంప్యూటర్లు దాదాపు ఐదు నిమిషాల్లో కొత్త చోటికి మళ్లుతాయి. అయితే రెండు సర్వర్ల సర్టిఫికెట్లలోనూ సొంత పేరుతో పాటు ఆ మారుపేరు ఉండి తీరాలి. దీన్ని మర్చిపోతే డీఆర్ లేచినా కౌంటర్లు దాన్ని నమ్మవు. అది కూడా సరిగ్గా ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజే తెలుస్తుంది.

హోస్ట్స్ ఫైల్లో (డీఎన్‌ఎస్‌ను అడగకుండా పేర్లూ ఐపీలూ ఆ మెషీన్‌లోనే రాసుకునే ఫైల్లో) చేత్తో రాసిన లైన్లుంటే తీసేయండి. మెయిన్ సర్వర్లో ఉన్న లైను డీఆర్‌లో ఉండదు. పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు, రెండు వైపుల నుంచీ ఎన్‌ఎస్‌లుకప్ (డీఎన్‌ఎస్‌ను అడిగి చూసే కమాండ్) చేసి చూసుకోండి. సర్టిఫికెట్ మార్చిన ప్రతిసారీ జతను మళ్లీ సరిచూడండి. పాత సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్‌నే (దాని వేలిముద్ర లాంటి కోడ్‌నే) అవతలి సర్వర్ గుర్తు పెట్టుకుని ఉండొచ్చు.

(తెర మీద: ప్లాంట్ గేటు, ఐస్ బాక్సుల లారీ, తూకం కౌంటర్.)

వారం తర్వాత ఆ ప్లాంట్‌లో డ్రిల్ చేశాం. మెయిన్ సర్వర్ ఆపి, డీఎన్‌ఎస్ రికార్డు మార్చాం. ఆరు నిమిషాలకు గేటు దగ్గర రొయ్యల లారీ తూకమైంది. బిల్లు హైదరాబాద్ సర్వర్ నుంచి వచ్చింది. కౌంటర్లో అమ్మాయి బిల్లు చింపి డ్రైవర్‌కు ఇచ్చి, తర్వాతి లారీని రమ్మని చెయ్యి ఊపింది.