నత్తలు ఎక్కువైన ట్యాంకు ఏం చెబుతోంది

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు చిన్న పని ఒకటుంది. ఈ బల్ల మీద ఉన్నది మా ఇంటి ట్యాంకే, నిన్న సాయంత్రం తెచ్చి సర్దాం. ఇందులోకి ఒక కీరా దోసకాయ ముక్క వదులుతున్నాను. వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి తీసిన ముక్క, తేలిపోకుండా స్టీలు ఫోర్కు గుచ్చాను. పైన ఈ నల్లగుడ్డ కప్పేస్తున్నాను. చివర్లో తీసి చూద్దాం.

హాల్లోకి వస్తుంటేనే నలుగురైదుగురు ఫోన్లు తీసి ఫోటోలు చూపించారు. అన్నిట్లోనూ అద్దం మీద మెంతిగింజలంత నత్తలు, ఆకుల వెనక జిగురు చుక్కలు. అందరూ అడిగింది ఒక్కటే, "వీటిని చంపే మందేమైనా ఉందా అండీ?" అని. ఉంది. ఆ మందు వేసి నేను ఏం పోగొట్టుకున్నానో ముందు చెప్తాను.

ఎనిమిదేళ్ళ కిందట, మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా ఈ ట్యాంకు కొన్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క ప్రకారం 56 లీటర్లు పట్టాలి. గులకరాళ్ళూ, పైన వదిలే ఖాళీ పోగా 45కి మించవు. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, రెండు కట్టల మొక్కలు పెట్టాం. మూడో నెలకల్లా అద్దం నిండా నత్తలే. దుకాణంలో అడిగితే చిన్న సీసా చేతిలో పెట్టారు. నీలం రంగులో ఉంది, రాగి కలిపిన మందు. రైతులు వాడే మైలుతుత్తం తెలుసు కదా, ఆ జాతిదే. రాత్రి పడుకోబోయే ముందు మూతతో కొలిచి పోశాను. కాసేపటికే నత్తలు పట్టు వదిలేసి ఒక్కొక్కటే రాళ్ళ మీదికి రాలిపోయాయి. పీడ వదిలిందనుకున్నాను.

తెల్లవారుజామున వాసనకే మెలకువ వచ్చింది. చెరువు ఎండినప్పుడు వచ్చే కుళ్ళు వాసన. లైటు వేసి చూస్తే నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. చేపలు నాలుగూ పైకి వచ్చి, నోళ్ళు నీటి అంచుకు ఆనించి గాలి మింగుతున్నాయి. మొప్పల అంచులు ఎర్రగా కమిలిపోయాయి. సాయంత్రానికి మూడు పోయాయి. నాలుగోదాన్ని వేరే బకెట్లో వేసి, ఎయిర్ పంపు పెట్టి, మా అమ్మాయి రెండు రోజులు దాని పక్కనే కూర్చుంది. అది బతికింది.

రాగే చేపల్ని చంపిందని చాలాకాలం అనుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. లవణాలు తక్కువున్న నీళ్ళలో రాగి విషం ఎక్కువగా పనిచేస్తుంది. ట్యాంకులో ఆర్‌ఓ నీళ్ళు పోసేవాళ్ళు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆ రాత్రి జరిగిన అసలు నష్టం వేరు. వందల నత్తలు ఒకేసారి చచ్చి రాళ్ళ సందుల్లో కుళ్ళాయి. కుళ్ళిన మాంసం నుంచి అమ్మోనియా పుట్టింది. మామూలు రోజుల్లో ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద కాపురముండే బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషమే, మూడోది చాలావరకు భరించగలదు. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎంత పాతబడ్డ ట్యాంకైనా, దాని శక్తి రోజూ వచ్చే మురికికి సరిపడా ఉంటుంది తప్ప ఒక్క రాత్రిలో వచ్చిపడే శవాల కుప్పకు సరిపోదు.

ఇక్కడ మన నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. అమ్మోనియా ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అందులో ఎంత విషంగా మారుతుందన్నది ఇంకో ఎత్తు. నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలతే పీహెచ్. అది 7 నుంచి 8కి చేరితే, విషంగా మారే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మనలో చాలామంది ట్యాంకుల్లో పోసేది బోరు నీళ్ళే, వాటి పీహెచ్ తరచూ 7 దాటే ఉంటుంది. అందుకే "నా స్నేహితుడు ఇదే మందు వేశాడు, వాడి చేపలకు ఏమీ కాలేదే" అన్న మాటను నమ్మి సీసా మూత తీయకండి. వాళ్ళ నీళ్ళు వేరు, మీ నీళ్ళు వేరు.

సరే, అసలు ఇన్ని నత్తలు ఎక్కడి నుంచి వచ్చాయి? మొక్కలతోనే. బుడగలా పలచని గుల్ల ఉన్న చిన్న నత్తా, జంతికచుట్టలా చుట్టుకుని ఉండే నత్తా ఆకుల కింద జిగురులో గుడ్లు పెడతాయి. పెట్టిన వారం పది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కో నత్తలోనే ఆడా మగా రెండూ ఉంటాయి. బుడగ నత్తకైతే జత దొరక్కపోయినా పరవాలేదు. మూడో రకం పొడుగ్గా, కోన్ ఐస్‌క్రీమ్ ఆకారంలో ఉంటుంది, ట్రంపెట్ నత్త అంటారు. అది గుడ్లు పెట్టదు, మగతోడు లేకుండానే నేరుగా పిల్లల్ని కంటుంది. పగలంతా రాళ్ళ కింద దాక్కుంటుంది. అంటే ఏ రకమైనా ఒక్కటి వస్తే చాలు.

అయితే ఒక్కటి రావడం వేరు, ఐదొందలు కావడం వేరు. ఆ ఐదొందలకూ తిండి పెట్టింది మనమే. ఈ మాట బాధ్యతగా చెప్తున్నాను, నాకు అర్థమవడానికి మూడు చేపల ప్రాణం ఖర్చయింది. ఇంట్లో ట్యాంకు ఉంటే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. పొద్దున నాన్న చిటికెడు వేస్తాడు, స్కూలు నుంచి వచ్చి పిల్లలు చిటికెడు వేస్తారు, చుట్టాలొస్తే చూపించడానికి ఇంకో చిటికెడు. చేప అద్దం దగ్గరికి వచ్చి నోరు ఆడిస్తే ఆకలేసిందనుకుంటాం. మిగిలిన మేత రాళ్ళలోకి జారుతుంది. నత్తలు దాన్ని తిని పెరుగుతాయి, అవి కూడా తినగా మిగిలింది కుళ్ళుతుంది. నత్తలు పెరుగుతున్నాయంటే చేపల ఆరోగ్యానికి ముప్పు తెచ్చేదేదో రాళ్ళ అడుగున పోగవుతోందని లెక్క. ఒక్కోసారి ట్రంపెట్ నత్తలు పట్టపగలే గుంపుగా అద్దం ఎక్కి నీటి అంచు దగ్గర చేరతాయి. అలా కనిపిస్తే అడుగున ఆక్సిజన్ తగ్గిందేమో చూసుకోండి. చేప జబ్బు పడకముందే అందే కబురు అది.

మా ఇంట్లో ఇప్పుడు మేత డబ్బా మీద పేపరు అతికించి ఉంటుంది. వేసినవాళ్ళు టిక్కు పెట్టాలి. రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంతే, ఆదివారం పస్తు. పెరిగిన చేపకు ఒకరోజు పస్తుతో ఏమీ కాదు. వారానికోసారి సైఫన్ పైపుతో రాళ్ళు కెలికి, పావు వంతు నీళ్ళు తీసి మారుస్తాం. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒకరోజు బకెట్లో నిలవ ఉంచుతాం. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగం, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండుతాం. క్లోరిన్ తగిలితే ఇందాక చెప్పిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇలా చేశాక రెండు నెలల్లో నత్తలు వాటంతటవే పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు, పోవాలని నేనూ అనుకోవడం లేదు. రాళ్ళ సందున చచ్చిన చేపపిల్లను మనకన్నా ముందు కనిపెట్టి తినేసేది అవే. అద్దం మీద పాచినీ అవే గీకుతాయి.

ఈలోగా సంఖ్య తగ్గించాలంటే ఈ కీరా ముక్కే మంచి ఉపాయం. రాత్రి లైటు ఆర్పాక వేయండి, తెల్లారగానే నత్తలతో సహా తీసేయండి. వారం రోజులు వరసగా చేయాలి. పగలు కూడా అలాగే వదిలేస్తే ఆ ముక్కే కుళ్ళి కొత్త తంటా తెస్తుంది. కొత్త మొక్కలు తెచ్చినప్పుడు నాలుగు లీటర్ల నీళ్ళలో ఒక పెద్ద చెంచా పటిక పొడి కలిపి, రెండు రోజులు నానబెట్టి, బాగా కడిగి నాటండి. చెరువులోంచి నత్తల్నీ మొక్కల్నీ నేరుగా తెచ్చి వేయకండి. చెరువు నత్తల్లో చేపలకు అంటుకునే పురుగుల పిల్లలు ఉండొచ్చు.

నత్తల్ని తినే చేపను తెచ్చుకోమని కూడా సలహా ఇస్తుంటారు. నారింజ ఒంటి మీద నల్లపట్టీలుండే క్లౌన్ లోచ్‌ను చూపిస్తారు. బొటనవేలంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. పెరిగితే అడుగు దాకా వస్తుంది, పైగా గుంపులో బతికే చేప. నా రెండడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం అన్యాయం. నత్తల్ని తినే ఇంకో చేప జీబ్రా లోచ్ చిన్నదే, కానీ అది మన కృష్ణా నది ఎగువన, పడమటి కనుమల వాగుల్లో మాత్రమే పుట్టే చేప, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. నత్తల కోసం దాన్ని కొనడానికి నాకు మనసొప్పదు.

తెల్లమచ్చల గురించీ అడిగారు. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు కనిపించే ఆ జబ్బు నత్తల వల్ల రాదు. అదొక సూక్ష్మజీవి. ఎక్కువగా కొత్త చేపతో వస్తుంది. చలికాలంలో రాత్రుళ్ళు నీళ్ళు చల్లబడి చేప నీరసించినప్పుడు విజృంభిస్తుంది. మచ్చగా ఒంటిని అంటుకుని ఉన్నంతసేపూ మందు దాన్ని చేరదు. అది రాలి, అడుగున వందలుగా చీలి, మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చస్తుంది. అందుకే మచ్చలు పోగానే వైద్యం ఆపకూడదు. హీటరుతో రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచి, గాలి బుడగలు ఎక్కువ పెట్టండి. దుకాణంలో మందు కొనేటప్పుడు సీసా మీద రాగి ఉందేమో చదవండి. ఉంటే నత్తలున్న ట్యాంకులో పోయకండి. చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడే వైద్యం చేయండి. లేకపోతే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

తీసిన నత్తల్ని కాలవలోనో చెరువులోనో వదలొద్దు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేపలు మన చెరువుల్లో పెరిగి, వలలు చింపుతూ జాలర్లను ఎంత ఏడిపిస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. నేను మరుగునీళ్ళు పోసి, గుల్లలు చిదిపి కుండీల్లో వేస్తాను, మట్టికి సున్నం అందుతుంది.

ఇక రండి, ముందు వరసలో పిల్లలు దగ్గరికి రండి. గుడ్డ తీస్తున్నాను. ముక్క కదపకుండా పైనుంచి చూసి లెక్కపెట్టండి. అడుగున బంగారు రంగులో కనిపిస్తోంది చూడండి, అది ఆ బకెట్లో బతికిన నాలుగోదే.