విరిగిన కార్బన్ మాస్టును మళ్ళీ నిలబెడదాం

నమస్కారం. ఈ బల్ల మీద రెండు కార్బన్ గొట్టాలు ఉన్నాయి. మాస్టు అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం. ఒకటి విండ్‌సర్ఫింగ్ మాస్టు, అంటే తెరచాప బిగించిన పలక మీద నిలబడి సాగే ఆటలో వాడేదాని అడుగు భాగం. రెండోది పందెపు డింగీ, అంటే చిన్న తెరచాప పడవ మాస్టు, నడిమికి విరిగింది. ఈ రెండింటినీ కలిపి చిన్న తెరచాప పడవకు సరిపోయే మాస్టు ఒకటి తయారుచేద్దాం. మనం ఉన్నది తాళ్ళరేవులో. చెక్క పడవలు కట్టడంలో ఈ ఊరికి పాత పేరుంది. ఇక్కడి పిల్లలు హోప్ ఐలాండ్ చాటున, కాకినాడ అఖాతంలో డింగీలు నడపాలని నాకు గట్టి కోరిక. కొత్త కార్బన్ మాస్టు ధర వినగానే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. అందుకే ఈ వీడియో.

ముందు కార్బన్ సంగతి కొంచెం తెలియాలి. తెలియకుండా అతికిస్తే అతుకు దగ్గరే మళ్ళీ విరుగుతుంది. వెదురు గడను గుర్తుచేసుకోండి. లోపల డొల్ల, పోగులన్నీ నిలువుగా, బయటి అంచుకు వెళ్ళేకొద్దీ దట్టంగా ఉంటాయి. కార్బన్ గొట్టం కూడా అంతే. బలమంతా నిలువు పోగులది. ఎపాక్సీ, అంటే కలిపాక గట్టిపడే జిగురు, వాటిని కదలకుండా పట్టుకుని ఉంటుంది. అయితే వెదురు నిలువునా చీలుతుంది. చుట్టూ పట్టి ఉంచే పోగులు లేకపోవడమే దానికి కారణం. ఆ పని కొంతవరకు కణుపులు చేస్తాయి. మంచి కార్బన్ గొట్టంలో నిలువు పోగులతో పాటు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా అల్లిన పొర, అడ్డంగా చుట్టిన పొర కూడా ఉంటాయి. నిలువు పోగులు వంపును తట్టుకుంటాయి, ఏటవాలు పోగులు మెలిపెట్టే శక్తిని తట్టుకుంటాయి, అడ్డపోగులు గొట్టం నొక్కుకుపోకుండా చూస్తాయి. మాస్టు విరిగిందంటే అక్కడ నిలువు పోగులు తెగాయని అర్థం. తెగిన పోగును ఎవరూ ముడివేయలేరు. దాని మీది భారాన్ని పక్కన ఉన్న పోగుకు నెమ్మదిగా, పొడవునా అప్పగించడమే మనం చేయగలిగేది. ఈ "నెమ్మదిగా, పొడవునా" అన్న రెండు మాటలు పని పూర్తయ్యేదాకా మనసులో ఉంచుకోండి.

గొట్టాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. చెన్నైలోనో గోవాలోనో హైదరాబాదులోనో తెరచాప పడవలు నడిపేవారిని అడిగి చూడండి. విరిగిన మాస్టులు మూలన పడి ఉంటే ఇస్తారు. విండ్‌సర్ఫింగ్ మాస్టు మీద కార్బన్ శాతం ముద్రించి ఉంటుంది. 30 శాతం అని ఉంటే మిగతాది గాజు పోగు, అంటే బరువెక్కువ, వంగడం ఎక్కువ. మన పనికి 75 శాతానికి తగ్గకుండా ఉన్నది చూసుకోండి. ఐఎంసీఎస్ అనే అంకె కూడా ఉంటుంది. మాస్టును రెండు చివర్లా ఆనించి, మధ్యలో 30 కిలోలు వేలాడదీసి, పొడవును వంపుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 460 సెంటీమీటర్ల మాస్టు 18.4 సెంటీమీటర్లు వంగితే 25 వస్తుంది. అంకె పెద్దదైతే మాస్టు గట్టిది.

తెచ్చిన గొట్టాన్ని వెంటనే కోయకండి. మంచినీళ్ళతో కడిగి, ఆరాక రూపాయి నాణెంతో పొడవునా తట్టుకుంటూ వెళ్ళండి. ఇదిగో, ఇక్కడ ఖంగుమంటోంది. ఇక్కడికి వచ్చేసరికి శబ్దం మొద్దుబారింది. లోపల పొరలు విడిపోయిన చోటు ఇది. పైకి ఏమీ కనిపించదు. రివెట్ల రంధ్రాల చుట్టూ, బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టే అడ్డకర్ర) తగిలించే చోట, తాడు కప్పీ దూర్చిన చోట మరింత జాగ్రత్తగా వినండి. విరిగిన చోటు నుంచి రెండు వైపులా, శబ్దం మళ్ళీ ఖంగుమనేదాకా కోసి పారేయాల్సిందే. ఇక్కడ పొదుపు పనికిరాదు.

తర్వాత వంపు పరీక్ష. రెండు మీటర్ల ఎడంలో రెండు దిమ్మలు పెట్టి గొట్టాన్ని వాటిపై ఆనించండి. మధ్యలో 10 కిలోల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో కొలవండి. పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. అలా నాలుగు వైపులా చూడండి. బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న మంచి కార్బన్ గొట్టం దాదాపు 2 మిల్లీమీటర్లు వంగుతుంది. అదే కొలతల అల్యూమినియం గొట్టం 2.7 మిల్లీమీటర్ల దాకా వంగుతుంది, బరువూ రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. మీ గొట్టం ఒకవైపు బాగా ఎక్కువ వంగితే అటువైపు పోగులు దెబ్బతిన్నాయి. అది మాస్టుకు పనికిరాదు, పక్కన పెట్టండి.

ఇంకో మాట. గట్టిదనం కోసం మందం పెంచాలని చాలామంది అనుకుంటారు. గోడ మందం అదే ఉంచి వ్యాసాన్ని రెట్టింపు చేస్తే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. వ్యాసం ఉంచి మందాన్ని రెట్టింపు చేస్తే వచ్చేది దాదాపు రెండు రెట్లే. కాబట్టి సన్నటి మందపాటి గొట్టం కన్నా లావాటి పలుచటి గొట్టం వెతకండి. మరీ పలుచనైతే నొక్కుకుపోతుంది, ఆ హద్దు మాత్రం చూసుకోవాలి.

ఇప్పుడు కోత. ముఖానికి ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, చేతికి తొడుగులు ఉండాలి. కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. చర్మంలో దిగితే దురద వదలదు. పొడి కరెంటును కూడా ప్రసరింపజేస్తుంది కనుక డ్రిల్లు మోటారులో చేరితే షార్టవుతుంది. అందుకే హ్యాక్సా బ్లేడుతో, తడిగుడ్డ వేసి, నీళ్ళు చిలకరిస్తూ కోస్తున్నాను. కోసే గీత చుట్టూ ముందే టేపు చుట్టాను, అంచు పోగులు లేవకుండా. ఉప్పుకాగితం రుద్దడం కూడా తడిమీదే.

రెండు ముక్కలనూ కలిపేది లోపల దూరే గొట్టం, దాన్నే స్లీవ్ అంటాం. విండ్‌సర్ఫింగ్ మాస్టు పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది కదా, అదే మనకు కలిసివస్తుంది. పై భాగం నుంచి కోసిన ముక్క అడుగు భాగంలో చక్కగా దూరుతుంది. స్లీవ్ అతుకుకు రెండు వైపులా గొట్టం వ్యాసానికి కనీసం మూడు నాలుగు రెట్లు వెళ్ళాలి. మన 50 మిల్లీమీటర్ల గొట్టానికి ఒక్కో వైపు 20 సెంటీమీటర్లు తీసుకుంటున్నాను. చుట్టూ పావు మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. బిగుతుగా ఉంటే జిగురంతా బయటికి తోసుకొస్తుంది. వదులుగా ఉంటే తడిపిన కార్బన్ గుడ్డ చుట్టి, గట్టిపడ్డాక రుద్ది సరిచేయండి.

స్లీవ్ చివరలు చూడండి. నిటారుగా కోయలేదు, చేప నోరు తెరిచినట్టు రెండు వైపులా ఏటవాలుగా కోశాను. నిటారుగా కోస్తే మెత్తగా వంగుతున్న గొట్టం ఒక్క గీత దగ్గర ఒక్కసారిగా బిగుసుకుంటుంది, అక్కడే టపీమని విరుగుతుంది. నేను చూసిన చెడిపోయిన అతుకుల్లో ఎక్కువ భాగం అతుకు మీద కాకుండా దాని పక్కన, సరిగ్గా స్లీవ్ ముగిసిన చోట విరిగినవే. అతుకు ఎక్కడ రావాలన్నదీ ముఖ్యమే. తాళ్ళ ఆసరా లేకుండా నిలబడే మాస్టుకు వంపు భారం అత్యధికంగా పడేది డెక్కు దగ్గర. అక్కడ అతుకు పెట్టకూడదు. పైకి జరిపేకొద్దీ భారం తగ్గుతుంది.

ఇక ఎపాక్సీ. రెండు ముఖాలనూ 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడవండి. ఆ తర్వాత వేలు కూడా తగలకూడదు. ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్ళు డబ్బా మీద ఉన్నట్టే వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో తూచండి. మన డెల్టాలో ఎండ ఒక సమస్య, తేమ ఇంకో సమస్య. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన మిశ్రమం పనిచేసే సమయం సుమారు సగమవుతుంది. కాబట్టి నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ కొనండి, కొద్దికొద్దిగా కలపండి, తెల్లవారుజామున కాకుండా మంచు ఆరాక పొద్దున్నే మొదలుపెట్టండి. తేమ పట్టిన ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంది. రెండో పూత వేసేముందు దాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగేయాలి, లేకపోతే పై పొర పట్టదు. వర్షాకాలంలో మూత తెరిచిన డబ్బా అలా వదిలేయకండి.

మిశ్రమంలో సిలికా పొడి కలిపి, జారకుండా నిలిచే ముద్దగా చేశాను. స్లీవ్ మీద, గొట్టం లోపల, రెండు చోట్లా పూయండి. తిప్పుతూ దూర్చండి, గాలి బయటికి పోతుంది. రెండో ముక్కనూ అలాగే. ఇప్పుడు అందరూ తొందరపడే ఘట్టం, వంకర చూసుకోవడం. నిటారు ఇనుప కోణాన్ని నేల మీద పెట్టి దాని ఒడిలో గొట్టాన్ని పడుకోబెట్టండి. పైనుంచి దారం లాగి చూడండి. తిప్పి మళ్ళీ చూడండి. అంతా సరిగా ఉందనుకున్నాక కదపకండి.

మర్నాడు బయటి చుట్టు. అతుకుకు రెండు వైపులా 8 సెంటీమీటర్ల మేర గోడను వాలుగా రుద్దుతున్నాను. 2 మిల్లీమీటర్ల మందానికి ఒకటికి నలభై వంతున వచ్చే వాలు ఇది. కార్బన్‌కు ఇంతకన్నా నిటారుగా రుద్దకూడదు. తర్వాత నిలువు పోగుల గుడ్డను ఒక్కో పొర కొంచెం వెడల్పు పెంచుకుంటూ వేస్తాను. చదరపు మీటరుకు 300 గ్రాముల గుడ్డ, చేత్తో వేస్తే ఒక్కో పొర మూడోవంతు మిల్లీమీటరు వస్తుంది, అంటే ఆరు పొరలు. వాటిపైన గొట్టంలా ఏటవాలుగా అల్లిన కార్బన్ గుడ్డ. దీన్ని పొడవుగా లాగితే సన్నబడి పట్టేస్తుంది. ఆ పైన పీల్ ప్లై, అంటే గట్టిపడ్డాక ఊడదీసేసే గుడ్డ, దానిపై ఇన్సులేషన్ టేపును జిగురు వైపు పైకి వచ్చేలా బిగించి చుట్టి, సూదితో సన్నటి రంధ్రాలు పొడవండి. ఎక్కువైన ఎపాక్సీ ఆ రంధ్రాల్లోంచి చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. అవి రాకపోతే ఇంకా బిగించాలి.

పూర్తిగా కొత్త గొట్టమే కావాలంటే అల్యూమినియం గొట్టం మీద పాలిథిన్ చుట్టి, ఇవే పొరలు ఇదే వరుసలో వేయవచ్చు. వేడిచేసి గట్టిపరిచాక చల్లబడినప్పుడు అల్యూమినియం కుంచించుకుంటుంది, కార్బన్ దాదాపు కదలదు, అందుకే లోపలిది ఊడివస్తుంది. ఇంట్లో వేడిచేయకుండా ఆరబెట్టేవారు దీన్ని నమ్ముకోకూడదు, మైనమూ పాలిథినూ రెండూ వాడాలి. దీనికి విడిగా ఒక వీడియో కావాలి, ఇక్కడ ఆపుతాను.

గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీల్లో చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ఎండలో వదిలిన నల్ల గొట్టం ఆ వేడిని అందుకోగలదు. కాబట్టి గట్టిపడ్డాక గొట్టాన్ని పొడవునా ఆసరా ఇచ్చి, వెచ్చటి చోట ఒక రోజు ఉంచండి, తట్టుకునే వేడి పెరుగుతుంది. తర్వాత తెల్ల పాలీయురేథేన్ పెయింటు వేయండి. వేడీ తగ్గుతుంది, ఎండ కిరణాలకు ఎపాక్సీ పాడవదు. కార్బన్ నలుపు అందంగానే ఉంటుంది. అయినా ఈ ఊళ్ళో తెలుపే మేలు.

సామాను బిగించే చోట కార్బన్‌కూ అల్యూమినియానికీ మధ్య గాజు గుడ్డ పొర ఉండాలి. ఉప్పునీళ్ళలో ఈ రెండూ తాకితే అల్యూమినియం తినేయబడుతుంది. బూమ్ తగిలే చోట లోపల గట్టి ఫోము దిమ్మ అతికించండి, నొక్కుకుపోదు. పై చివర మూసేయండి. పడవ తిరగబడ్డప్పుడు మాస్టులోకి నీళ్ళు చేరకపోతే పడవ పూర్తిగా బోర్లా పడే అవకాశం తగ్గుతుంది.

పందెంలో దిగేవారు తమ పడవ తరగతి (పందెపు పడవ రకం) నిబంధనలు చదవాలి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం, విష్ణు శరవణన్ కాంస్యం గెలిచినవి ఇల్కా పడవల మీద. ఆ తరగతిలో గుర్తింపు పొందిన తయారీదారు చేసిన మాస్టే చెల్లుతుంది. మాత్, ఇంటర్నేషనల్ 14 వంటి తరగతుల్లో సొంత చేతిపనికి చోటుంది.

ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని దాటవేయకండి. కార్బన్ కరెంటును ప్రసరింపజేస్తుంది. కోనసీమ కాలువల మీదుగా, రేవుల పక్కన తీగలు కిందికి వేలాడుతుంటాయి. మాస్టు నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడండి. నిలబెట్టిన మాస్టుతో పడవను ఒడ్డున తోయాల్సి వస్తే ఒకరు ముందు నడవాలి, తీగలు చూసేది ఆ మనిషే. పిల్లలకు ఈ పని నేర్పేటప్పుడు మొదటి పాఠం ఇదే అవ్వాలి.

మొదటి రోజు చిన్న గాలిలో వెళ్ళి, తిరిగి వచ్చాక అతుకు చుట్టూ మళ్ళీ నాణెంతో తట్టండి. శబ్దం మారకపోతే మధ్యాహ్నపు సముద్రపు గాలికి సిద్ధమే. మిగిలిన పొడవాటి ముక్కలు చుక్కానికి పొడిగింపు కర్రగానో, ముందు తెరను తెరిచి పట్టే కర్రగానో పనికొస్తాయి. పొట్టివాటి మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం రాసి దాచండి, తర్వాతి మాస్టుకు స్లీవులు అవే.